పాత పంచాంగాల అర: కాలేజ్ ఫుట్‌బాల్ గేములు సేకరించడం ఎలా

ఉగాది వెళ్లాక పోయిన ఏడాది పంచాంగం ఎవరికి కావాలి? స్పోర్ట్స్ వీడియో గేములదీ అదే గతి. జులైలో కొత్త నంబరుతో కొత్త డిస్క్ వస్తుంది, పాతది అమెరికాలోని ఏ థ్రిఫ్ట్ స్టోర్‌లోనో రెండు మూడు డాలర్ల బుట్టలో పడుతుంది. నాలాంటి వాళ్లకు పండగంతా ఆ బుట్టలోనే ఉంది. పాత పంచాంగం తెరిస్తే ఆ ఏడాది తిథులన్నీ ఎలా కనిపిస్తాయో, పాత కాలేజ్ ఫుట్‌బాల్ గేమ్ పెడితే ఆ సీజన్ మొత్తం అలా కళ్ల ముందుకొస్తుంది. ఏ జట్టు ఏ కాన్ఫరెన్స్‌లో (జట్ల కూటమిలో) ఉంది, ఎవరి మీద ఎవరికి మ్యాచ్ ఉంది, ఎవరు బలంగా ఉన్నారు, అన్నీ అందులోనే.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనవాళ్లు కాలితో ఆడేది కాదు. హెల్మెట్లు పెట్టుకుని, కోడిగుడ్డు ఆకారం బంతిని పట్టుకుని, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లే అమెరికా ఆట. అందులోనూ యూనివర్సిటీల మధ్య జరిగేది. 2011 ఆగస్టులో ఎంఎస్ కోసం టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీకి వచ్చేదాకా నాకు ఇందులో ఓనమాలు తెలియవు. మొదటి మ్యాచ్‌కి సీనియర్లు లాక్కెళ్తే, టికెట్ మీద సీటు నంబర్ చూసుకుని హాయిగా కూర్చున్నాను. పక్కనున్న అమ్మాయి భుజం తట్టి లేపింది. అక్కడ స్టూడెంట్లు మ్యాచ్ అయ్యేదాకా నిలబడే చూస్తారు. మైదానంలో ఆటగాళ్లు తక్కువైతే దిగడానికి మేమున్నాం అని చెప్పే ‘ట్వెల్త్ మ్యాన్’ ఆచారం అది, 1922 నుంచీ ఉంది. మూడున్నర గంటలు నిలబడ్డాను. ఆటలో సగం అర్థం కాలేదు. కానీ మరుసటి వారం మళ్లీ వెళ్లాను.

మొదటి మెట్టు: అంకెలోంచి ఒకటి తీసేయండి

కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. ఎన్‌సీఏఏ అంటే అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంఘం, గేములకు దాని పేరే. ‘ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ 14’ అంటే 2014 సీజన్ కాదు, 2013 సీజన్. గేమ్ 2013 జులైలో వచ్చింది. కాబట్టి మీకు నచ్చిన సీజన్ ఏదో చూసుకుని, దానికి ఒకటి కలిపి ఆ నంబర్ గేమ్ వెతకండి.

అట్ట మీద బొమ్మ చూసి కొనకండి, దాని లెక్క వేరు. చదువుకుంటున్న ఆటగాళ్లు తమ బొమ్మ మీద డబ్బు తీసుకోకూడదని అప్పట్లో ఎన్‌సీఏఏ నిబంధన. అందుకని ఈ గేములు చేసే కంపెనీ ఈఏ స్పోర్ట్స్ వాళ్లు కాలేజీ ఆట ముగించుకున్నవాళ్లనే అట్టకెక్కించేవారు. ఆ విధంగా అట్ట ఒక ఏడాదిది, లోపలి జట్లు ఇంకో ఏడాదివి అవుతాయి. ఉదాహరణకు 2006 సీజన్ చివర్లో, 2007 జనవరి 1న, ఫియెస్టా బౌల్ మ్యాచ్‌లో బోయిసీ స్టేట్ 43-42తో ఓక్లహోమాని ఓడించింది. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపేవాడు) జారెడ్ జబ్రాన్స్కీ ‘08’ అట్ట మీద ఉంటాడు. అతను ఆడిన జట్టు కావాలంటే మాత్రం ‘07’ కొనాలి. రెజ్జీ బుష్ బొమ్మ ‘07’ మీద ఉంది, అతని 2005 సీజన్ ‘06’లో ఉంది. ‘06’ అట్ట మీదున్న డెస్మండ్ హోవర్డ్ అయితే ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచిందే 1991లో.

ఇంకో విషయం. లోపల ఆటగాళ్లకు పేర్లుండవు. ‘క్యూబీ (క్వార్టర్‌బ్యాక్) నంబర్ 2’ అని ఉంటుంది, అంతే. ఎత్తు, ఒంటి తీరు, జెర్సీ నంబర్ అన్నీ సరిపోతాయి, పేరొక్కటే ఉండదు. ఈ దాగుడుమూతలే తర్వాత కోర్టుకెక్కాయి. ఆ కథ నాలుగో మెట్టులో చెప్తాను.

రెండో మెట్టు: ఒక జట్టు పట్టుకోండి

మొత్తం సెట్ కొనేద్దాం అనుకోకండి. ఈఏ వాళ్లవే 1993 నుంచి 2013 దాకా ఏడాదికొకటి చొప్పున 21 గేములున్నాయి: రెండు ‘బిల్ వాల్ష్ కాలేజ్ ఫుట్‌బాల్’లు, రెండు ‘కాలేజ్ ఫుట్‌బాల్ యూఎస్‌ఏ’లు, 98 నుంచి 14 దాకా పదిహేడు ‘ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్’లు. ఇవి కాక సెగా వాళ్లవి, సోనీ వాళ్ల ‘గేమ్‌బ్రేకర్’లు ఉన్నాయి. ఒక్కో గేమ్ రెండు మూడు కన్సోళ్ల మీద వచ్చింది కూడా. అన్నీ కొంటూ పోతే అర నిండుతుంది కానీ వాటిలో మీకు ఏదీ గుర్తుండదు.

నా సేకరణంతా ఒక్క పగ చుట్టూ తిరుగుతుంది. 2011 నవంబర్ 24, థ్యాంక్స్‌గివింగ్ రాత్రి, మా యూనివర్సిటీ ఉన్న ఊరు కాలేజ్ స్టేషన్‌లో ఏ అండ్ ఎం మీద యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఆడింది. ఆఖరి క్షణంలో వాళ్ల జస్టిన్ టక్కర్ కొట్టిన ఫీల్డ్ గోల్‌తో (గోల్ స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నడం) 27-25కి మేం ఓడిపోయాం. స్టేడియం అంతా నిశ్శబ్దం. మరుసటి ఏడాది మా యూనివర్సిటీ బిగ్ 12 కాన్ఫరెన్స్ వదిలి ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్స్‌లో చేరిపోయింది, ఆ రెండు జట్ల మధ్య మ్యాచే ఆగిపోయింది. వందేళ్లకు పైబడిన వైరం, ఇద్దరన్నదమ్ములు గోడ కట్టుకుని మాట్లాడుకోవడం మానేసినట్టయింది.

నా అరలో ‘12’లో ఆ మ్యాచ్ ఉంది. ‘13’ పెడితే మా జట్టు ఎస్‌ఈసీలో కనిపిస్తుంది, టెక్సస్‌తో మ్యాచ్ షెడ్యూల్లో ఉండదు. ‘14’లో పేరు లేని ‘క్యూబీ నంబర్ 2’ ఉంటాడు. 2012లో అలబామాని వాళ్ల ఊళ్లోనే 29-24తో ఓడించి, మొదటి ఏడాది ఆటగాళ్లలో ఎవరికీ అంతవరకూ దక్కని హైస్‌మన్ గెలిచిన జానీ మాన్జెల్ అతనే. ఆ తర్వాత పదకొండేళ్లు గేములే రాలేదు. 2024 జులైలో ‘కాలేజ్ ఫుట్‌బాల్ 25’ వచ్చింది. అదే ఏడాది నవంబర్ 30న ఆ రెండు జట్లూ మళ్లీ తలపడ్డాయి. మళ్లీ మేమే ఓడాం, 17-7. ఆ రెండు ఖాళీలూ దాదాపు ఒకేసారి మొదలై ఒకేసారి ముగియడం కాకతాళీయమే. అయినా అరలో ‘14’ పక్కన ‘25’ చూసిన ప్రతిసారీ నాకు అదే తడుతుంది.

మీ పగ మీరు వెతుక్కోండి. మిషిగన్‌లో చదివిన మిత్రుడొకడు ‘08’ తప్ప ఇంకేదీ కొనడు. 2007 సెప్టెంబర్ 1న చిన్న కాలేజీ అప్పలాచియన్ స్టేట్ మిషిగన్ స్టేడియానికే వచ్చి 34-32తో వాళ్లని ఓడించిన సీజన్ అది. ఇప్పుడు గేములో తన జట్టుతో ఆ సీజన్ మళ్లీ మళ్లీ ఆడి పరువు దక్కించుకుంటుంటాడు.

మూడో మెట్టు: కన్సోల్, కరెంటు

అమెరికాలో ఉన్నవాళ్లకు నా సలహా పీఎస్2తో (ప్లేస్టేషన్ 2) మొదలుపెట్టమని. ‘2002’ గేమ్ నుంచి ‘11’ దాకా ఏ ఏడాదీ తప్పకుండా దాని మీద వచ్చాయి, డిస్కులు చవక. పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360లో బొమ్మ బాగుంటుంది. ‘14’ ఆ రెండింటికే వచ్చింది. కొత్త ఎక్స్‌బాక్స్‌లో పాత ‘14’ డిస్క్ ఆడదు, కాబట్టి పాత పెట్టె కొనక తప్పదు. నింటెండో ‘వీ’ కన్సోల్‌కి వచ్చింది ఒక్క ‘09’ మాత్రమే, దాని అట్ట మీద మనిషి కాకుండా మిషిగన్ స్టేట్ మస్కట్ స్పార్టీ ఉంటాడు. వింత వస్తువులు ఇష్టమైతే దాంతో మొదలుపెట్టినా తప్పులేదు.

ఇండియాలో ఉన్నవాళ్లు, లేదా సామాను ఇంటికి పట్టుకెళ్దాం అనుకునేవాళ్లు కాస్త ఆగి చదవండి. ఈ గేములు అమెరికా మార్కెట్ కోసం చేసినవి. ఇండియాలో అమ్మిన పీఎస్2లో అమెరికా పీఎస్2 డిస్క్ ఆడదు, రీజియన్ లాక్ ఉంటుంది. పీఎస్3 డిస్కులకు ఆ బాధ లేదు. హైదరాబాద్‌లో కొన్న పీఎస్3లోనూ అమెరికా ‘14’ ఆడుతుంది. కాబట్టి అక్కడివాళ్లు 08 నుంచి 14 దాకా ఏడు పీఎస్3 డిస్కులు పెట్టుకుంటే చాలు.

కరెంటు సంగతి నా సొంత డబ్బుతో నేర్చుకున్నాను. 2015లో సెలవులకు గుంటూరు వెళ్తూ మా పాత లావు మోడల్ పీఎస్2 పట్టుకెళ్లాను. పిన్ను మార్చే చిన్న అడాప్టర్ కొన్నాను, ఇక అంతా సిద్ధం అనుకున్నాను. ప్లగ్గు పెట్టి స్విచ్ వేయగానే ‘టప్’ మని చప్పుడు, కాలిన ప్లాస్టిక్ వాసన. వంటింట్లోంచి అమ్మ వచ్చి, “అంత దూరం నుంచి మోసుకొచ్చి కాల్చుకున్నావేంట్రా, ఆ పనేదో అక్కడే చేసుకోలేకపోయావా” అంది. కన్సోల్ వెనకాల 120 వోల్టులని స్పష్టంగా రాసి ఉంది, మన గోడలో వచ్చేది 230. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీ మార్చదు. వెనక లేబుల్ మీద ‘100-240’ అని ఉంటే నేరుగా పెట్టండి. ‘120’ అనో ‘100-127’ అనో ఉంటే వోల్టేజీ తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ముట్టుకోకండి.

నాలుగో మెట్టు: ‘14’ కొనాలా వద్దా

పాత పంచాంగం సూత్రానికి ఒక్క మినహాయింపు ఉంది, అది ‘14’. కొత్తది ఏళ్ల తరబడి రాకపోతే పాత పంచాంగాన్నే కళ్లకద్దుకోవాలి కదా, అదే జరిగింది.

ఎడ్ ఓబానన్ అని యూసీఎల్‌ఏ మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు. ఒక స్నేహితుడి ఇంట్లో కాలేజ్ బాస్కెట్‌బాల్ గేమ్ చూస్తే అందులో తన నంబర్‌తో, తన ఒడ్డూ పొడుగుతో, తన ఎడమచేతి వాటంతో ఆడుతున్న బొమ్మ కనిపించింది. పేరు లేదు, ఒక్క డాలరూ రాలేదు. 2009లో కేసు వేశాడు. ఫుట్‌బాల్ ఆటగాడు సామ్ కెల్లర్ కూడా అదే ఏడాది విడిగా వేశాడు. 2013 సెప్టెంబర్‌లో ఈఏ, మరుసటి ఏడాదికి గేమ్ ఉండదని చెప్పేసింది. గేముల్లో వాడిన బొమ్మలకు పరిహారం సంగతి చివరికి ఈఏ వైపు నుంచి 4 కోట్ల డాలర్లు, ఎన్‌సీఏఏ నుంచి 2 కోట్ల డాలర్ల రాజీలతో తేలింది. 2021 జులైలో ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద సంపాదించుకోవచ్చని నిబంధన మారింది. అప్పుడు గానీ కొత్త గేముకు దారి దొరకలేదు. ‘25’లో ఉండటానికి ఒప్పుకున్న పది వేల మందికి పైగా ఆటగాళ్లకు తలా 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ ఇచ్చారు. దాని అట్ట మీద కూడా అప్పటికి ఇంకా కాలేజీలో ఆడుతున్నవాళ్లే ఉన్నారు.

ఈ మధ్యలో ‘14’ వాడిన డిస్క్ ధర వంద డాలర్లు దాటింది. నేను నిండు ధర పెట్టే కొన్నాను, ఇప్పటికీ ఇంట్లో ఆ అంకె చెప్పలేదు. ‘25’ వచ్చాక ధర దిగింది. ఆడటానికైతే ఈ రోజుకీ కొనదగిన డిస్క్ అదే. అభిమానులు ఏళ్ల తరబడి ఏటేటా కొత్త రోస్టర్లు (ఆటగాళ్ల జాబితాలు) తయారు చేసి పంచుకున్నారు, ‘కాలేజ్ ఫుట్‌బాల్ రివాంప్డ్’ పేరుతో గేమునే కొత్తగా ముస్తాబు చేశారు. ఊరికే అరలో పెట్టడానికైతే తొందరేం లేదు.

ఐదో మెట్టు: ఎక్కడ, ఎంతకి

డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో వీధుల్లో శనివారం ఉదయం గరాజ్ సేల్స్ చూడండి. పిల్లలు కాలేజీకి వెళ్లిపోయిన ఇళ్లయితే మరీ మంచిది. హాఫ్ ప్రైస్ బుక్స్ లాంటి పాత పుస్తకాల షాపుల్లో ఒక మూల గేములుంటాయి. స్పోర్ట్స్ గేములు అడుగు అరలో ఉంటాయి, వంగి చూడాలి.

ఆన్‌లైన్‌లో కొంటే ఈబేలో అమ్మకానికి పెట్టిన ధర కాకుండా, ‘సోల్డ్ ఐటమ్స్’ ఫిల్టర్ పెట్టి నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. అడగడానికి ఎవరైనా ఎంతైనా అడుగుతారు. డిస్క్ ఒక్కటే ఉంటే ‘లూజ్’, కేసు, మాన్యువల్ అన్నీ ఉంటే ‘కంప్లీట్’. పీఎస్2 గేముల్లో ఈ రెండింటికీ మహా అయితే కొద్ది డాలర్ల తేడా, కాబట్టి కంప్లీట్ కొనండి. సీల్ విప్పనిదాని జోలికి నేను వెళ్లను. ఆడలేని ఆట నాకెందుకు?

కేసు తెరవకుండా మాత్రం డబ్బివ్వకండి. ఒక గరాజ్ సేల్‌లో ‘06’ దొరికిందని ఎగిరి గంతేసి ఇంటికొచ్చి తెరిస్తే లోపల పిల్లల కార్టూన్ డీవీడీ. నాలుగు డాలర్లే. కానీ నలభై నిమిషాలు డ్రైవ్ చేసి వెళ్లాను.

ఆరో మెట్టు: డిస్క్ చూడటం

ఇక్కడ తొందరపడొద్దు. ఫోన్‌లో టార్చ్ వెలిగించి, డిస్క్‌ని అంచులతో పట్టుకుని, మెరిసే వైపు వాలుగా తిప్పండి. మధ్యనుంచి అంచుకి వెళ్లే సన్నని గీతలు పెద్దగా హాని చేయవు. గుండ్రంగా, ట్రాక్ వెంబడి ఉన్న గీతే ప్రమాదం. ఎక్స్‌బాక్స్ 360 డిస్కుల మీద పూర్తి వలయంలా లోతైన గీత కనిపిస్తే, డిస్క్ తిరుగుతుండగా ఎవరో పెట్టెను కదిలించారని అర్థం. అది తీసుకోకండి.

తర్వాత టార్చ్‌ని డిస్క్ వెనక పెట్టి, లేబుల్ వైపు నుంచి చూడండి. సూదిమొన చుక్కల్లా వెలుతురు కారుతుంటే అక్కడ డేటా పొర పోయినట్టే. మధ్య కన్నం చుట్టూ వేలితో తడిమి చూడండి, పగుళ్లు అక్కడే మొదలవుతాయి.

ఏ డిస్క్‌లో డేటా ఎంత లోతున ఉందో తెలిస్తే ఏది బాగుచేయించవచ్చో తెలుస్తుంది. పీఎస్1 గేములు సీడీలు (కింద వైపు నల్లగా ఉంటాయి). సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు, డేటా లేబుల్ కిందే ఉంటుంది. అంటే అడుగున గీతల కంటే పైన లేబుల్ మీద గీరుకుంటేనే ఎక్కువ నష్టం. డీవీడీలో డేటా సరిగ్గా మధ్యలో, 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. ఈ రెండింటినీ గేమ్ షాపులో మెషీన్ మీద పాలిష్ పట్టిస్తే చాలాసార్లు బతుకుతాయి. పీఎస్3 బ్లూ-రేలో డేటా పైకి 0.1 మిల్లీమీటర్ లోతులోనే ఉంటుంది. గట్టి పూత ఉంటుంది కాబట్టి తొందరగా గీతలు పడవు, కానీ పడితే పాలిష్ చేయడానికి తీసేంత మందం అక్కడ ఉండదు. పీఎస్3 డిస్క్ మీద గోరుకు తగిలే గీత ఉంటే అక్కడే వదిలేయండి.

ఇక సెగా జెనిసిస్ కన్సోల్ మీద వచ్చిన ‘బిల్ వాల్ష్’ గేములైతే డిస్కులు కావు, క్యాట్రిడ్జ్‌లు. అసలైన ఈఏ క్యాట్రిడ్జ్ మిగతావాటి కన్నా పొడుగ్గా, ఎడమ పక్క పసుపు ప్లాస్టిక్ ముక్కతో ఉంటుంది. కింద లోహపు కాంటాక్టులు నల్లబడితే ఐసోప్రొపిల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్ బడ్‌తో తుడవండి, బడ్ తెల్లగా వచ్చేదాకా. నోటితో ఊదకండి. చిన్నప్పుడు మనందరం ఊదాం, తడి తగిలి తుప్పు పట్టేది అందుకే.

ఇంటికి తెచ్చాక ఒక్క మ్యాచ్ మొదలవగానే సరే అనుకోవద్దు. నాలుగైదు వేర్వేరు స్టేడియాల్లో మ్యాచ్‌లు పెట్టి చూడండి, డిస్క్‌లో వేర్వేరు చోట్ల నుంచి లోడవుతాయి. ఎక్కడైనా బిగుసుకుపోతే ముందు శుభ్రం చేయండి: మెత్తటి బట్టతో, మధ్యనుంచి అంచుకి తిన్నగా. గుండ్రంగా తుడవకండి.

ఏడో మెట్టు: దాచుకోవడం

పుస్తకాల్లా నిలబెట్టండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకండి. టెక్సస్ ఎండలకు గరాజ్‌లో అట్టలు వంకర్లు పోతాయి, డిస్కులకూ మంచిది కాదు. విశాఖ, కాకినాడ లాంటి చెమ్మ ఊళ్లలో అరలో సిలికా జెల్ పొట్లాలు వేసుకోండి. ధర స్టిక్కర్ గోకి తీయకండి. హెయిర్ డ్రయర్ అర నిమిషం చూపిస్తే అదే వదులుతుంది.

ఎనిమిదో మెట్టు: టీవీ, మెమరీ కార్డు

పీఎస్2కి కొత్త టీవీలో పసుపు-తెలుపు-ఎరుపు రంధ్రాలు ఉండకపోవచ్చు. కాంపోనెంట్ కేబుల్ (ఆకుపచ్చ, నీలం, ఎరుపు పిన్నులతో బొమ్మ పంపేది) పెట్టుకునే వీలుంటే అది కొనండి, బొమ్మ ఎంతో తేటగా ఉంటుంది. చవక హెచ్‌డీఎంఐ డబ్బాలతో బటన్ నొక్కినదానికీ తెరమీద కదలికకూ మధ్య ఆలస్యం వస్తుంది. ఫీల్డ్ గోల్ మీటర్ ఆపేటప్పుడు ఆ కాస్త ఆలస్యం చాలు, బంతి పక్కకి పోవడానికి. టీవీలో ‘గేమ్ మోడ్’ ఉంటే వేయండి.

పాత మెమరీ కార్డు దొరికితే ఫార్మాట్ చేసే ముందు ఒకసారి తెరిచి చూడండి. ఆటగాళ్లకు పేర్లు లేవు కాబట్టి అభిమానులు వేలకొద్దీ పేర్లు చేత్తో టైప్ చేసుకునేవాళ్లు. ఆ పనంతా 8 మెగాబైట్ల కార్డులో ఉండొచ్చు. వాడేముందు ఇంకో కార్డులోకి కాపీ చేసి పెట్టుకోండి.

గుంటూరులో కాలిపోయిన పీఎస్2లోని కార్డు బతికే ఉంది. 2012లో నలుగురం రూమ్మేట్లం సెమిస్టర్ మధ్యలో నాలుగు రాత్రులు కూర్చుని, ‘06’లో మా యూనివర్సిటీ జట్టులో నలుగురి పేర్లు మార్చి మా పేర్లు పెట్టుకున్నాం. నేను కిక్కర్‌ని, అంటే బంతిని తన్నేవాణ్ని. కామెంటేటర్‌కి తెలుగు ఇంటిపేర్లు పలకడం రాదు కాబట్టి “నంబర్ నైన్” అంటాడు. పోయిన నెల వేరే పీఎస్2లో ఆ కార్డు పెట్టాను. డైనాస్టీ (ఒకే జట్టుతో వరసగా సీజన్లు ఆడే పద్ధతి) తొమ్మిదో సీజన్ దగ్గర ఆగి ఉంది, తర్వాతి మ్యాచ్ టెక్సస్‌తో. హైదరాబాద్‌లో ఉన్న ఇద్దరికి, సియాటిల్‌లో ఉన్నవాడికి వీడియో కాల్ చేసి, ఫోన్‌ని టీవీ ముందు నిలబెట్టి ఆడాను. ఆఖర్లో 40 గజాల ఫీల్డ్ గోల్ మిగిలింది. మీటర్ ఒక్క గీత ఆలస్యంగా ఆపాను.